వరదకు చోటు, వేసవికి నీళ్లు: రిజర్వాయర్‌ను ఎలా నడపాలి

రిజర్వాయర్ నిండిందంటే చూసేవాళ్లందరికీ సంతోషం. దాన్ని నడిపే ఇంజనీరుకు టెన్షన్ మొదలయ్యేది ఆ రోజే. నిండిన రిజర్వాయర్ తర్వాతి వరదను పెద్దగా ఆపలేదు, పైనుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే కిందికి వదిలేయాలి. పోనీ ముందే సగం ఖాళీ చేసి పెట్టుకుందామా అంటే, ఆ తర్వాత వాన ముఖం చాటేస్తే వేసవిలో తాగునీటికి, పంటలకు ఏం సమాధానం చెప్పాలి?

కాలిఫోర్నియాలోని లేక్ మెండొసినో రిజర్వాయర్‌లో ఈ రెండో కష్టం వచ్చింది. 2012 డిసెంబరులో పెద్ద వాన పడి నీళ్లు బాగా చేరాయి. శీతాకాలంలో వరద కోసం ఇంత చోటు ఖాళీగా ఉండాలని దశాబ్దాల కిందట రాసిపెట్టిన నిబంధన ఉంది. దాని ప్రకారం వచ్చిన నీటిని వదిలేశారు. తర్వాతి ఏడాది, 2013, అక్కడ తీవ్రమైన కరువు. వదిలిన నీళ్లు మళ్లీ రాలేదు. వాళ్లు ఆ తర్వాత పద్ధతి ఎలా మార్చుకున్నారో కాసేపట్లో చెబుతాను.

ఈ వ్యాసం కొత్తగా రిజర్వాయర్ బాధ్యత తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నది ఒడ్డున ఉంటూ "గేట్లు ఇప్పుడెందుకు ఎత్తారు, నిన్న ఎందుకు ఎత్తలేదు" అని అడగాలనుకునేవాళ్లకూ పనికొస్తుంది. మొత్తం విషయానికి మూలం ఒకటే: కింద ఎవరికీ నష్టం లేకుండా మీ రిజర్వాయర్‌ను ఎంత త్వరగా ఖాళీ చేయగలరో, నీటిని వదలాలా వద్దా అనే నిర్ణయాన్ని అంత ఆలస్యంగా తీసుకోవచ్చు. ఎంత ఆలస్యంగా తీసుకుంటే, రాబోయే వాన గురించి అంత ఎక్కువ తెలుస్తుంది. అనవసరంగా నీళ్లు వదిలే తప్పు అంతకంతా తగ్గుతుంది.

1. లెక్కలు నోటికి రావాలి

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నిల్వ. ఈ రెండింటినీ కలిపే అంకె ఒకటుంది: లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. గంటకైతే 0.36 టీఎంసీ. దీన్ని కంట్రోల్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అర్ధరాత్రి ఫోన్లో "ఇన్‌ఫ్లో రెండు లక్షలు సార్" అని వినగానే, గంటకు 0.72 టీఎంసీ వస్తోందని, ఇంకా 6 టీఎంసీల చోటు మాత్రమే ఉంటే గేట్లు మూసి ఉంచితే ఎనిమిది గంటల్లో నిండిపోతుందని కాగితం, కాలిక్యులేటర్ లేకుండానే తట్టాలి.

మట్టాల సంగతి మీకు తెలిసిందే. అడుగున వాడుకోవడానికి అందని డెడ్ స్టోరేజీ, దానిపైన పూర్తిస్థాయి నీటిమట్టం వరకు వాడుకునే నిల్వ, ఆపైన గరిష్ఠ నీటిమట్టం వరకు కొంత చోటు. ఈ చివరి భాగం అసాధారణమైన వరద వచ్చినప్పుడు ఆనకట్టను కాపాడటానికి ఉద్దేశించింది. "ఇంకా నాలుగడుగులు ఉంది కదా" అని దాన్ని మామూలు వరదలకు వాడేసే అలవాటు మాత్రం చేసుకోవద్దు.

మట్టాన్ని నిల్వగా మార్చే పట్టిక ఏ సంవత్సరానిదో చూడండి. ఆనకట్ట కట్టినప్పటిదే ఇంకా వాడుతుంటే, అది ఇప్పుడు లేని చోటును కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పూడిక అంతా అడుగున డెడ్ స్టోరేజీలోకే చేరుతుందని చాలామంది అనుకుంటారు. నది వచ్చి రిజర్వాయర్‌లో కలిసే చోట నీటి వేగం తగ్గి ఇసుక, ముతక మట్టి అక్కడే దిగబడతాయి. అంటే వాడుకునే నిల్వ కూడా తగ్గిపోతుంది. పడవ మీద సోనార్ పెట్టి అడుగు భాగాన్ని కొలిచే సర్వే కొన్నేళ్లకోసారి తప్పనిసరిగా చేయించండి.

నీటిమట్టం చూపే పరికరాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. 2005 డిసెంబరులో అమెరికాలోని టామ్ సాక్ ఎగువ రిజర్వాయర్‌లో సెన్సర్లు బిగించిన చోటు నుంచి ఊడి, అసలు మట్టం కన్నా తక్కువ చూపించాయి. నింపే పంపులు ఆగలేదు. నీళ్లు కట్ట మీదుగా పొర్లి కట్ట తెగిపోయింది. రెండు వేరువేరు పరికరాలు పెట్టుకోండి. వాటితో పాటు గోడ మీద రంగుతో గీసిన స్కేలును రోజుకోసారి మనిషి వెళ్లి కళ్లతో చూసి రాయాలి.

2. నది వెంట నడిచి రండి

నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే విలువైన అంకె రిజర్వాయర్ దగ్గర దొరకదు. కింద నదిలో ఎన్ని క్యూసెక్కుల వరకు ఎవరికీ నష్టం లేకుండా పారుతుందో, ఆ అంకె. ఫైల్లో ఏదో ఒకటి రాసే ఉంటుంది. అది రాసిన రోజు తర్వాత నది లోపల ఇళ్లు వచ్చి ఉంటాయి, ముళ్ల కంపలు పెరిగి ఉంటాయి, పిల్లర్లు దగ్గర దగ్గరగా ఉన్న వంతెన ఒకటి కట్టి ఉంటారు.

అందుకే వానాకాలానికి రెండు నెలల ముందు దిగువకు వెళ్లండి. ఎంత నీరు వదిలితే మొదట ఏది మునుగుతుందో వరసగా రాసుకోండి. నలభై వేలకు ఒక లోలెవెల్ కాజ్‌వే, డెబ్బై వేలకు పొలాలు, లక్షకు మొదటి వరస ఇళ్లు, ఇలాగన్నమాట. ఆ తర్వాత గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఆ చోట్ల ఒక మనిషిని ఉంచి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టించండి. రెండు మూడు సీజన్లలో ఏ ఫైల్లోనూ దొరకని పట్టిక మీ చేతిలో ఉంటుంది.

దీనికీ నీటి పొదుపుకీ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. సురక్షిత ప్రవాహం లక్ష ఉన్న నదిలో రెండు రోజుల్లో సుమారు 17 టీఎంసీలు వదలొచ్చు. అదే నదిలో ఆక్రమణల వల్ల అది యాభై వేలకు పడిపోతే, అంతే నీరు వదలడానికి నాలుగు రోజులు కావాలి. నాలుగు రోజుల ముందటి వాన సూచన రెండు రోజుల ముందటి సూచనంత గట్టిగా ఉండదు. అప్పుడు భయంతో ముందే వదిలేస్తాం, లేదా ఆశతో ఆగిపోతాం. నది గర్భంలో కట్టిన ప్రతి గోడ ఇలా పైనున్న రిజర్వాయర్ నీటిని కూడా తినేస్తోంది. దిగువ ఆక్రమణలు మన శాఖ పని కాదని ఊరుకోవద్దు. ఈ లెక్క వేసి, అంకెలతో సహా రాసి పంపండి.

ఖాళీ చేసే వేగానికి ఇంకో రెండు హద్దులున్నాయి. ఒకటి గేట్ల ఎత్తు. నీటిమట్టం క్రస్ట్ గేట్ల (ఆనకట్ట పైభాగంలో ఉండే వరద గేట్ల) అడుగుకు దగ్గరగా ఉంటే గేట్లన్నీ ఎత్తినా పోయేది కొంచెమే. అమెరికాలో ఫోల్సమ్ డ్యామ్‌కు 2017లో పూర్తయిన అదనపు స్పిల్‌వే (వరద నీటిని బయటికి వదిలే దారి) గేట్లను పాతవాటి కంటే సుమారు 50 అడుగులు కిందకు పెట్టింది ఇందుకే, మట్టం తక్కువగా ఉండగానే వరదకు ముందు ఎక్కువ నీరు వదలగలగాలని. మీ దగ్గర ఏ మట్టంలో గరిష్ఠంగా ఎంత వదలగలరో పట్టిక వేసుకోండి. రెండోది మట్టికట్ట. నీటిమట్టాన్ని మరీ వేగంగా దించితే, తడిసి బరువెక్కిన మట్టి నీటి ఆసరా పోయి లోపలి వైపుకు జారే ప్రమాదం ఉంది. రోజుకు ఎంత దించవచ్చో డిజైన్ పత్రాల్లో ఉంటుంది. దాన్ని దాటవద్దు.

3. తేదీలవారీగా ఎంత చోటు ఉంచాలో గీసుకోండి

దీన్నే రూల్ కర్వ్ అంటారు. వేయడం అనుకున్నంత కష్టం కాదు. గత ముప్పై నలభై ఏళ్ల రోజువారీ ఇన్‌ఫ్లోలు తీసుకోండి. వానాకాలాన్ని పది రోజుల ముక్కలుగా విడగొట్టండి. ప్రతి ముక్క మొదట్లో నిలబడి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ తేదీ నుంచి సీజన్ ముగిసేదాకా, పదేళ్లలో తొమ్మిదేళ్లు కనీసం ఎన్ని టీఎంసీలు వచ్చాయి? ఈ మధ్యలో కాల్వలకు, తాగునీటికి ఇవ్వాల్సింది అందులోంచి తీసేయండి. మిగిలింది ఆ తేదీన మీరు ధైర్యంగా ఖాళీగా ఉంచగల చోటు. ఎందుకంటే పదింట తొమ్మిదేళ్లు అది తర్వాత నిండుతుంది.

ఇలా చేస్తే సీజన్ మొదట్లో ఖాళీ ఎక్కువగా, చివరికి వచ్చేసరికి తక్కువగా ఉండే గీత ఒకటి వస్తుంది. దాన్ని దాటి ముందే నింపుకోవాలన్న ఒత్తిడి మీ మీద చాలా వస్తుంది. మొదటి వరదకే నిండిందని పేపర్లో ఫొటో వస్తే బాగానే ఉంటుంది, రెండో వరదకు ఏం చేయాలి?

అయితే ఈ గీతలో పెద్ద లోపం ఒకటుంది. దానికి తేదీ తప్ప ఆకాశం తెలియదు. లేక్ మెండొసినోను దెబ్బతీసింది అదే. సీజన్ చివర్లో రిజర్వాయర్ నిండి ఉన్నప్పుడు ఆలస్యంగా తుపాను వస్తే కూడా ఈ గీత ఒక్కటే కాపాడలేదు.

4. వాన సూచనను టీఎంసీల్లోకి మార్చండి

"భారీ వర్షాలు పడే అవకాశం" అనే మాట మీకు చాలదు. పరీవాహక ప్రాంతంలో ఎన్ని మిల్లీమీటర్లు పడొచ్చో, అందులో ఎంత నీరు మీదాకా వస్తుందో కావాలి. నేల పొడిగా ఉన్నప్పుడు వంద మిల్లీమీటర్లు పడినా చాలా భాగం ఇంకిపోతుంది. వారం రోజులుగా తడిసి ఉన్న నేల మీద అదే వంద పడితే ఎక్కువ భాగం నదిలోకి దిగుతుంది. అందుకే గడిచిన పది రోజుల వాన లెక్క కూడా మీ టేబుల్ మీద ఉండాలి. ఎగువన నది మీదున్న గేజ్‌ల నుంచి నీరు మీ దగ్గరికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా రాసిపెట్టుకోండి. వాన సూచన మారిపోవచ్చు, నదిలో దిగిన నీరు మాత్రం దారి తప్పదు.

సూచనను ఒక్క అంకెగా తీసుకోవద్దు. కనిష్ఠం, ఎక్కువ అవకాశం ఉన్నది, గరిష్ఠం అని మూడు అంకెలు తీసుకోండి. ఇప్పుడొక ఊహా రిజర్వాయర్‌తో లెక్క వేద్దాం.

పూర్తి నిల్వ 60 టీఎంసీలు. ఈ రోజు ఉన్నది 54. ఇన్‌ఫ్లో 30 వేల క్యూసెక్కులు. దిగువ సురక్షిత ప్రవాహం లక్ష. రెండు రోజుల తర్వాత మొదలై మూడు రోజులు సాగే వరద వస్తుందని సూచన. అది తెచ్చే నీరు కనీసం 15 టీఎంసీలు, ఎక్కువ అవకాశం 40, గరిష్ఠం 55.

ఈ రెండు రోజులూ లక్ష చొప్పున వదిలితే, వస్తున్న ముప్పై వేలు పోను రోజుకు డెబ్బై వేల లెక్కన తగ్గుతుంది. అంటే రోజుకు 6 టీఎంసీల చొప్పున రెండు రోజుల్లో 12. నిల్వ 42కు దిగుతుంది. తర్వాత మూడు రోజుల వరదలో కూడా లక్షే వదులుతూ ఉంటే 26 టీఎంసీలు బయటికి పోతాయి. లోపలికి 40 వస్తే చివరికి నిల్వ 56. దిగువన ఒక్క ఇల్లూ తడవలేదు, నిల్వ మొదటికంటే రెండు టీఎంసీలు పెరిగింది. ముందు రెండు రోజులూ వచ్చిన ముప్పై వేలను మాత్రమే వదులుతూ కూర్చుని ఉంటే 54కు నికరంగా 14 కలిసి 68 అయ్యేది. పూర్తి నిల్వకు మించిన ఆ ఎనిమిది టీఎంసీలు వరద పోటు మీదున్నప్పుడే, లక్షకు అదనంగా కిందికి పోవాలి.

వరద ముఖం చాటేసి 15 టీఎంసీలే వచ్చాయనుకోండి. గేట్లు దించి నీటిని పట్టుకుంటే 42 నుంచి 57కు చేరుతుంది. మనం ముందుగా తగ్గించింది 12, కనీసం వస్తుందన్నది 15. నా మొత్తం పద్ధతి ఈ పోలికలోనే ఉంది: ముందుగా తగ్గించే నీరు, వస్తుందని గట్టిగా నమ్మగల కనిష్ఠ అంచనాను మించకూడదు. ఒకవేళ కనిష్ఠం 5 మాత్రమే అయితే, ఈ రోజు 5 వరకే దించి, రేపటి సూచన చూసి మిగతాది నిర్ణయించుకోవాలి.

గరిష్ఠంగా 55 వస్తే ఎలా? అప్పుడు 42కు 29 కలిసి 71, పూర్తి నిల్వకు 11 ఎక్కువ. ఆ మూడు రోజులూ సగటున లక్షా నలభై మూడు వేల క్యూసెక్కుల దాకా వదలాల్సి వస్తుంది, దిగువన కొంత ముంపు తప్పదు. ముందు ఖాళీ చేయకపోయి ఉంటే అది లక్షా తొంభై వేలకు చేరేది. ఆ ముంపు ఎక్కడ వస్తుందో మీ పట్టిక ముందే చెబుతుంది కాబట్టి, ఆ ఇళ్లవాళ్లను వెలుతురుండగానే తరలించవచ్చు.

లేక్ మెండొసినోలో తర్వాత చేసిన మార్పు ఇదే దారిలో ఉంది. పెద్ద తుపాను సూచన లేనప్పుడు వరద కోసం ఉంచిన చోటులో కొంత నీటిని నిలుపుకుంటారు, సూచన వస్తే తుపాను రాకముందే వదిలేస్తారు. బాగా పొడిగా గడిచిన 2020 నీటి సంవత్సరంలో (2019 అక్టోబరు నుంచి 2020 సెప్టెంబరు వరకు) ఈ పద్ధతి వల్ల నిల్వ సుమారు 19 శాతం పెరిగింది. కొత్తగా ఒక్క గోడ కట్టకుండా!

ముందుగా వదిలే నీరు వృథాగా పోనక్కర్లేదు కూడా. మొదట టర్బైన్లను పూర్తి సామర్థ్యంతో నడపండి. తర్వాత కాల్వలకు వదిలి కింద ఉన్న చెరువులు నింపండి, నీరు ఇంకే నేలలుంటే అక్కడికి మళ్లించండి. ఆ తర్వాత అడుగు తూములు. క్రస్ట్ గేట్లు చివరిగా. కాల్వలకు గండ్లు పూడ్చి, చెరువుల తూములు బాగుచేసి సీజన్‌కు ముందే సిద్ధంగా ఉంచితేనే ఇది కుదురుతుంది.

5. గేట్లు ఎత్తే రోజు

మొదటి ఐదు వేల క్యూసెక్కులే అన్నిటికంటే ప్రమాదకరం. ఎండిన నదిలో పశువులు మేపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఆడుకునే పిల్లలు ఉంటారు. పైన వాన లేకపోతే నీళ్లు వస్తాయని వాళ్లకు అనుమానం కూడా రాదు. సైరన్ మోగించి, దిగువ ఊళ్లకు ఫోన్లు చేసి, మనుషులు బయటికి వచ్చే సమయం ఇచ్చి, అప్పుడు కొంచెంగా మొదలుపెట్టండి. తర్వాత అంచెలంచెలుగా పెంచండి. గేట్లను సాధారణంగా మధ్యవాటితో మొదలుపెట్టి రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా ఎత్తాలి. ఒక పక్కవి మాత్రమే ఎక్కువ ఎత్తితే కింద నీరు సుడి తిరిగి కాంక్రీటును, ఒడ్డును కోసేస్తుంది.

వరద నడుస్తున్నంతసేపూ గుర్తుంచుకోవాల్సిన హద్దు ఒకటుంది. ఆ వరదలో లోపలికి వచ్చిన గరిష్ఠ ఇన్‌ఫ్లో కంటే ఎక్కువ ఎప్పుడూ వదలకూడదు. దాటితే, ఆనకట్టే లేకపోయినా రానంత వరదను మన చేతులతో మనమే సృష్టించినట్టు. ముందు నుంచి జాగ్రత్తపడనివాళ్లే చివర్లో ఈ పరిస్థితికి వస్తారు.

దిగువన కలిసే ఉపనది మీద కూడా కన్నుండాలి. మీ నీరు అక్కడికి చేరడానికి పది గంటలు పడుతుందనుకోండి. ఉపనది పోటు రేపు ఉదయం ఆరింటికి వస్తుందని తెలిస్తే, ఈ రాత్రి ఎనిమిదింటికి మీరు వదిలేది దానితోనే వెళ్లి కలుస్తుంది. రిజర్వాయర్‌లో చోటుంటే ఆ కొన్ని గంటలు తగ్గించి, తర్వాత పెంచండి. కొద్దిపాటి చోటుతో పెద్ద మేలు చేయగల ఘడియలు ఇవి. ఎగువన, దిగువన వేరే రిజర్వాయర్లు ఉంటే వాళ్లతో కూడా ఇలాగే గంటగంటకూ మాట్లాడుకోవాలి. పైవాళ్ల అవుట్‌ఫ్లో కొన్ని గంటల్లో మీ ఇన్‌ఫ్లో అవుతుంది.

నీటిమట్టం, అది పెరుగుతున్న వేగం, ఈ రెండూ చూసి ఎంత వదలాలో చెప్పే పట్టిక ఒకటి ముందే వేసి గేట్ల గదిలో అంటించండి. ఫోన్లు పనిచేయని రాత్రి, పై అధికారి అందుబాటులో లేకపోయినా, గేటు ఆపరేటర్ దాన్ని చూసి పని చేయగలగాలి. పూర్తిస్థాయి మట్టం దగ్గరపడి నీరు ఇంకా పెరుగుతుంటే మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టండి, అప్పుడు ఆనకట్ట భద్రత ఒక్కటే లెక్క. కట్ట తెగితే వచ్చేదాని ముందు ఏ గేట్ల వరదా లెక్కలోకి రాదు.

1982 అక్టోబరులో స్పెయిన్‌లోని టోస్ డ్యామ్ దగ్గర కుండపోత వానలో కరెంటు పోయి గేట్లు ఎత్తలేకపోయారు. నీళ్లు పొర్లి డ్యామ్ తెగిపోయింది. మీ జనరేటర్‌ను నెలకోసారి నిజంగా లోడు పెట్టి నడపండి. రెండోది సిద్ధంగా ఉంచండి. కరెంటు లేకుండా చేత్తో ఒక గేటు ఎత్తడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి ఎత్తించి చూడండి. స్పిల్‌వే కాంక్రీటులో పగుళ్లు, కింద ఖాళీలు ఉన్నాయేమో వానలకు ముందే పరీక్షించండి. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒరోవిల్ డ్యామ్ స్పిల్‌వే నీరు వదులుతుండగానే దెబ్బతిని, లక్షా ఎనభై వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

6. వరద తగ్గాక

పోటు దాటిపోయాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మీకు మాత్రం సగం పనే అయింది. నిల్వ ఇప్పుడు పైదాకా ఉంది, ఇంకో వరద వస్తే చోటు లేదు. గేట్లు వెంటనే దించేయాలా, ఇంకా వదలాలా?

మీకు ఖాళీ చేయడానికి పట్టే రోజుల సంఖ్య ఎంతో, అన్ని రోజుల ముందుకు సూచన చూడండి. రెండు రోజుల్లో కావలసినంత చోటు చేసుకోగలిగితే, రెండు మూడు రోజుల్లో పెద్ద వాన లేదని తెలిశాక నీటిని పట్టుకోండి. ఇంకో వాన వ్యవస్థ వస్తోందంటే సురక్షిత ప్రవాహంలోనే వదులుతూ రూల్ కర్వ్ దాకా దించండి. సీజన్ చివరికి వస్తున్నకొద్దీ పట్టుకునే వైపు మొగ్గండి. వరద మొదటి నీళ్లలోనే మట్టి ఎక్కువగా ఉంటుంది కాబట్టి, తగ్గుముఖం పట్టాక పట్టుకునే నీటితో పూడిక కూడా తక్కువ చేరుతుంది. గేట్లు మూసేటప్పుడూ అంచెలుగానే మూయండి. ఒక్కసారిగా నీరు తగ్గితే కింద తడిసిన ఒడ్లు విరిగిపడతాయి, చేపలు మడుగుల్లో చిక్కుకుపోతాయి.

7. ప్రతి నిర్ణయం రాసిపెట్టండి

2011 జనవరిలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరం మునిగింది. ఎగువనున్న వైవెన్‌హో డ్యామ్‌లో తాగునీటి నిల్వకు పైన, వరద కోసమే ప్రత్యేకంగా పెద్ద చోటు ఉంది. అయినా నీటిని సరైన వేళ వదిలారా, వాన సూచనలను లెక్కలోకి తీసుకున్నారా అన్న ప్రశ్నపై కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2019లో కోర్టు నిర్లక్ష్యం జరిగిందని తీర్పిచ్చింది. 2021లో అప్పీలు కోర్టు డ్యామ్ నడిపే సంస్థ విషయంలో ఆ తీర్పును తిప్పేసింది. నిపుణులకే ఇన్నేళ్లు పట్టిన ప్రశ్న అది.

కాబట్టి గేటు కదిపిన ప్రతిసారీ గంట, నిమిషం, అప్పటి మట్టం, ఇన్‌ఫ్లో, చేతిలో ఉన్న సూచన, తీసుకున్న నిర్ణయం, దానికి కారణం అక్కడికక్కడే రాయండి. తర్వాత గుర్తుచేసుకుని రాసింది పనికిరాదు. ఈ పుస్తకం మిమ్మల్ని కాపాడుతుంది, నిజమే. అంతకంటే ముఖ్యంగా మీ తర్వాత వచ్చేవాళ్లకు పాఠంగా ఉంటుంది.

సీజన్ ముగిశాక ఒక రోజంతా దీనికే కేటాయించి, ఆ పుస్తకం ముందు పెట్టుకుని మీ బృందంతో కూర్చోండి. ప్రతి విడుదలకూ రెండు లెక్కలు వేయండి. పన్నెండు గంటలు ముందు మొదలుపెట్టి ఉంటే దిగువన ఎంత తగ్గేది? పన్నెండు గంటలు ఆగి ఉంటే ఎంత నీరు మిగిలేది? కింద నిలబెట్టిన మనుషులు తెచ్చిన గుర్తులతో సురక్షిత ప్రవాహం పట్టికను సరిచేయండి. ఆ కొత్త అంకెను కంట్రోల్ రూమ్ గోడ మీద 8.64 పక్కనే రాయించండి.